స్థానిక ఖాతా, క్లౌడు ఖాతా

వాడుకరి ఖాతా అనగా కంప్యూటరును ఎవరు వాడుతున్నారో ఆ యంత్రం గుర్తించడానికి, ఒకరి దస్త్రాలను, అమరికలను మరొకరి వాటినుండి వేరుగా ఉంచడానికి చేసిన నమోదు. ఇంటి కంప్యూటర్లలో ఈ ఖాతాలు ముఖ్యంగా రెండు రకాలు. పేరు, సంకేతపదం ఆ కంప్యూటరులోనే నమోదై ఉంటే అది స్థానిక ఖాతా. అవి ఒక సంస్థ సర్వర్లలో ఉండి, అంతర్జాలం ద్వారా కంప్యూటరుతో ముడిపడి ఉంటే అది క్లౌడు ఖాతా. మొదటిది ఇంటి ఇనప్పెట్టె వంటిది, రెండవది బ్యాంకు లాకరు వంటిది. తాళం పోయినపుడు ఎవరిని అడగాలి అన్నదే ఈ రెండింటికీ ఉన్న అసలు భేదం.

చరిత్ర

ఒకే కంప్యూటరును అనేకులు పంచుకొనే పద్ధతి 1960ల తొలినాళ్ళలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రూపొందినపుడే సంకేతపదాల వాడకం మొదలయింది. ఇళ్ళలోకి వచ్చిన విండోస్ 95, 98లలో సంకేతపదం అడిగినా, ఆ పెట్టెను రద్దుచేసి లోపలికి పోవడానికి వీలుండేది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ఇంటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఖాతా అనే పద్ధతి వ్యాపించింది. ఆనాటి ఇంటి ఖాతాలన్నీ స్థానిక ఖాతాలే.

2012లో విడుదలైన విండోస్ 8తో ఈ-మెయిల్ చిరునామా ఆధారంగా కంప్యూటరులోకి ప్రవేశించే మైక్రోసాఫ్ట్ ఖాతా వచ్చింది. 2021లో వచ్చిన విండోస్ 11 హోమ్ సంచికలో తొలి అమరికకు ఆ ఖాతాను, అంతర్జాలాన్ని తప్పనిసరి చేశారు. 2022లో, సొంత వాడకానికి అమర్చుకొనే ప్రో సంచికకు కూడ ఈ నియమాన్ని వర్తింపజేశారు. అయినప్పటికీ అమరిక పూర్తయిన తరువాత స్థానిక ఖాతాకు మారడానికి వీలున్నది. లినక్స్ ఆధారిత ఉబుంటులో ఖాతా స్థానికమే. ఆపిల్ మాక్ కంప్యూటర్లలో ఖాతా స్థానికంగా ఏర్పడుతుంది, ఆపిల్ ఖాతాను దానికి జతచేసుకోవడం ఐచ్ఛికం. క్రోమ్‌బుక్‌లు మాత్రం ప్రధానంగా గూగుల్ ఖాతాపై ఆధారపడతాయి.

పనిచేయు విధానం

విండోస్ స్థానిక ఖాతాలో సంకేతపదాన్ని ఉన్నదున్నట్లు దాచరు. దానిని గణితప్రక్రియతో వెనుకకు తిప్పరాని రూపంలోకి మార్చి, కంప్యూటరులోని ప్రత్యేక దస్త్రంలో భద్రపరుస్తారు. వాడుకరి టైపు చేసిన పదాన్ని మళ్ళీ అదే ప్రక్రియకు లోనుచేసి రెండింటినీ పోల్చి చూస్తారు.

క్లౌడు ఖాతాలో ఈ సరిపోల్చడం సంస్థ సర్వరులో జరుగుతుంది. అందువలన అంతర్జాలం లేకపోతే కంప్యూటరు తెరుచుకోదని చాలామంది భావిస్తారు. ఇది పూర్తిగా నిజం కాదు. ఒకసారి విజయవంతంగా ప్రవేశించిన తరువాత విండోస్ ఆ ధ్రువీకరణ నకలును కంప్యూటరులో ఉంచుకుంటుంది. అదే సంకేతపదంతోగాని, ఆ యంత్రానికే పరిమితమైన పిన్ సంఖ్యతోగాని అంతర్జాలం లేకున్నా ప్రవేశించవచ్చును.

అంతర్జాలం లేనపుడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినపుడు విద్యుత్తు, సమాచార వ్యవస్థలు దెబ్బతిన్నాయి. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు విషయమై జరిగిన ఆందోళన హింసాత్మకంగా మారిన తరువాత, కోనసీమలో మొబైల్ అంతర్జాలాన్ని కొన్ని రోజులపాటు నిలిపివేశారు. ఇటువంటి వేళల్లో క్లౌడు ఖాతాదారునికి మూడు పనులు కుంటుపడతాయి: కొత్త కంప్యూటరును అమర్చడం, మరచిన సంకేతపదాన్ని మార్చుకోవడం, క్లౌడులో మాత్రమే ఉన్న దస్త్రాలను తెరవడం.

వీటిలో మూడవది ముఖ్యమైనది. వన్‌డ్రైవ్ వంటి సేవలలో దస్త్రం పేరు తెరపై కనిపించినా, దానిలోని విషయం సర్వరులోనే ఉండవచ్చును. అవసరమైన కాగితాలను కంప్యూటరులో ఎల్లప్పుడూ ఉండేటట్లు ముందుగానే గుర్తుపెట్టుకోవాలి.

తాళం పోయినపుడు

స్థానిక ఖాతా సంకేతపదాన్ని మరచిపోతే, అదే కంప్యూటరులో నిర్వాహక హోదా గల మరొక ఖాతా ద్వారా కొత్తది పెట్టవచ్చును. విండోస్ 10లో 2018 నుండి భద్రతా ప్రశ్నలు పెట్టుకొనే వీలు కూడ వచ్చింది. ఈ రెండూ లేనివారికి సహాయం చేయగల సంస్థ ఏదీ ఉండదు. పైగా డిస్కును గుప్తీకరించకపోతే స్థానిక సంకేతపదం కొంతవరకే రక్షణ. కంప్యూటరును దొంగిలించినవారు డిస్కును విప్పి వేరొక యంత్రానికి తగిలించి దస్త్రాలను చదవగలరు.

క్లౌడు ఖాతాలో ఫోనుకుగాని, మరొక ఈ-మెయిల్‌కుగాని వచ్చే కోడుతో సంకేతపదాన్ని మార్చుకోవచ్చును. అయితే ఆ ఫోను ఎవరి చేతిలో ఉన్నది అన్నది ప్రశ్న. పిఠాపురం, తుని, సామర్లకోట వంటి పట్టణాలలో పిల్లలు విదేశాలలో ఉండి, తల్లిదండ్రులు మాత్రమే ఉండే ఇళ్ళు అనేకం. సెలవులకు వచ్చిన కుమారుడు తన ఈ-మెయిల్‌తో, తన అమెరికా ఫోను నంబరుతో ఇంటి కంప్యూటరును అమర్చి వెళ్ళిపోతే, ఇక్కడ మధ్యాహ్నం అడిగిన కోడు అక్కడ అర్ధరాత్రి అతని ఫోనుకు చేరుతుంది. అతడు ఆ నంబరును మార్చుకుంటే కోడు ఎవరికీ చేరదు.

దీనికి తోడు గుప్తీకరణ సమస్య ఒకటి ఉన్నది. 2024లో వచ్చిన విండోస్ 11 సంచికను కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశిస్తే, చాలా కంప్యూటర్లలో డిస్కు దానంతటదే గుప్తీకరించబడుతుంది. దానిని విప్పే 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య ఆ ఖాతాలో దాచబడుతుంది. మదర్‌బోర్డును మార్చినపుడు కంప్యూటరు ఈ సంఖ్యను అడగవచ్చును. ఖాతా ఎవరిదో తెలియక, సంఖ్య వేరొకచోట రాసి ఉంచుకోకపోతే, పింఛను కాగితాలు, దస్తావేజుల నకళ్ళు, ఛాయాచిత్రాలు అన్నీ డిస్కులోనే ఉండి కూడ అందకుండా పోతాయి. వేరేచోట నకలు లేకపోతే వాటిని ఏ మరమ్మతుదారూ తిరిగి తేలేడు.

తెలుగు పేర్లు

స్థానిక ఖాతాకు తెలుగు లిపిలో పేరు పెడితే, వాడుకరి సంచికి కూడ సాధారణంగా అదే పేరు వస్తుంది. కొన్ని పాత ప్రోగ్రాములు ఆంగ్లేతర అక్షరాలున్న మార్గాన్ని చదవలేక ఆగిపోతాయి. ఖాతా పేరును తరువాత మార్చినా సంచి పేరు మారదు. కాబట్టి మొదట ఆంగ్లాక్షరాలతో ఖాతా తెరచి, తరువాత తెరపై కనిపించే పేరును తెలుగులోకి మార్చుకోవడం మేలు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో అమర్చినపుడు సంచి పేరు సాధారణంగా ఈ-మెయిల్ చిరునామాలోని మొదటి ఐదు అక్షరాలతో ఏర్పడుతుంది.

ఎంపిక

ఒకే కంప్యూటరు, అస్థిరమైన అంతర్జాలం, వేరే డిస్కులో నకలు తీసే అలవాటు ఉన్నవారికి స్థానిక ఖాతా చాలును. పలు పరికరాలలో అవే దస్త్రాలు కావలసినవారికి, విండోస్‌లో పిల్లల వాడకంపై సమయపరిమితులు పెట్టదలచినవారికి క్లౌడు ఖాతా అవసరం. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా లభించే స్థలం 5 గిగాబైట్లు మాత్రమే. దానిని నకలుగా నమ్ముకొనేవారు ఈ పరిమితిని గమనించాలి. ఏ పద్ధతిలోనైనా రోజువారీ పనికి సాధారణ ఖాతాను వాడి, నిర్వాహక ఖాతాను వేరుగా ఉంచడం క్షేమకరం.

క్లౌడు ఖాతానుండి స్థానిక ఖాతాకు మారేముందు పునరుద్ధరణ సంఖ్యను కాగితంపై రాసుకోవాలి, క్లౌడులోని దస్త్రాలను కంప్యూటరులోకి దింపుకోవాలి, వాటిని వేరొక డిస్కులోకి కూడ ఎక్కించుకోవాలి. క్లౌడు ఖాతానే కొనసాగించేవారు అది ఎవరి పేరున, ఏ ఫోను నంబరుతో ఉన్నదో ఆ కంప్యూటరును రోజూ వాడేవారికి తెలిసేటట్లు రాసి, ఇంటిలోనే భద్రపరచుకోవాలి.