మీకు తెలుసా? గర్భిణి మతిమరుపుతో ఉద్యోగానికి ముప్పు లేదు

ఏడో నెల గర్భంతో బ్యాంకు కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి సొరుగు లాగుతుంది. ఎందుకు లాగిందో గుర్తురాదు. సాయంత్రం క్యాష్ మాత్రం రూపాయి తేడా లేకుండా ట్యాలీ అవుతుంది. అయినా పక్కసీటువాళ్లు చెప్పుకునేది సొరుగు సంగతే.

ఈ మతిమరుపు ఉత్త భ్రమేమీ కాదు. ఆస్ట్రేలియా పరిశోధకులు 20 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. గర్భిణుల్లో, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, జ్ఞాపకశక్తి కొంత తగ్గుతుందట. అయితే ఆ తగ్గుదల మామూలు హద్దులు దాటదు. ఆమెకూ, బహుశా ఇంట్లోవాళ్లకూ తెలుస్తుంది. పనితీరు దెబ్బతినేంత ఉండకపోవచ్చనే వాళ్లూ రాశారు. ఈ రెండో మాట ఆఫీసుల దాకా రాకపోవడమే బాధ.

అమెరికాలో ఎలిజబెత్ క్రాస్టిల్ అనే మెదడు శాస్త్రవేత్త ఏకంగా తన గర్భాన్నే పరిశోధనకు ఇచ్చారు. కడుపు పండకముందు నుంచి బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా ఆమె మెదడును 26 సార్లు స్కాన్ చేశారు. 2024లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం గ్రే మ్యాటర్ తగ్గింది. మెదడు భాగాలను కలిపే వైట్ మ్యాటర్ మాత్రం గర్భం మధ్య నెలల దాకా పటిష్ఠమై, ప్రసవం తర్వాత మునుపటి స్థితికి వచ్చింది. కొమ్మలు కత్తిరించిన మల్లెపొదను చూసి ఎండిపోయిందనుకోం కదా, పరిశోధకులూ గ్రే మ్యాటర్ తగ్గడాన్ని క్షీణత అనడం లేదు.

పనిమీద మనసు నిలవనీయనివి వేరే ఉన్నాయి. రాత్రంతా పక్కకు ఒత్తిగిలుతూ గడిపితే పొద్దున తల పనిచేయదు. రక్తం తక్కువైనా అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉంది. ఇక దిగులు. ప్రపంచంలో పది మంది గర్భిణుల్లో ఒకరికి మానసిక సమస్య, ఎక్కువగా డిప్రెషన్, ఉంటోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన ఇళ్లలో దాన్ని "వేవిళ్ల నీరసంలే" అని తీసిపారేస్తారు. రెండు వారాలైనా దిగులు వదలకపోతే, ఇష్టమైనవీ చేయబుద్ధి కాకపోతే, వచ్చే చెకప్ దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంకొక సంగతి. గర్భిణి అడిగితే, ప్రసవానికి సుమారు పది వారాల ముందు నుంచి ఆమెకు గంటల తరబడి నిలబడే పని చెప్పకూడదని 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమే నియమం పెట్టింది.