పార్శ్వపు నొప్పి: కారణాన్వేషణము



తలనొప్పి యెరుగనివారు లోకమున నరుదు. కాని నేడు నేను చెప్పబూనినది సామాన్యమైన తలనొప్పిని గూర్చి కాదు. తలలో తరచుగా నొక సగమును బట్టి, నాడి కొట్టుకొనునట్లు పోటు పెట్టుచు, వెలుతురును చప్పుడును సహింపనీయక, వాంతి తెప్పించి, మందు వేయనిచో 4 గంటలు మొదలు 3 దినముల వరకు మనుష్యుని చీకటిగదిలో పడవేయు నొప్పి యిది. మనవారు దీనిని పార్శ్వపు నొప్పి యందురు. నేటి వైద్యులు మైగ్రేన్ అందురు. సుశ్రుతసంహిత దీనినే అర్ధావభేదకమని పేర్కొని, పది దినములకో, పక్షమునకో, లేక అకస్మాత్తుగనో వచ్చునని చెప్పినది. ఆ అకస్మాత్తే నన్ను 30 ఏండ్లు వేధించినది.

బడిలో పాఠము చెప్పుచుండగా, నల్లబల్లమీది యక్షరములు చెదరి, కోటబురుజుల వలె వంకరలు తిరిగిన వెలుగుగీత యొకటి కన్నులముందర నాడెడిది. అరగంటకు నొప్పి మొదలగును. కారణమేమని వెదకితిని. ఊరగాయ యని మానితిని, పెరుగని మానితిని, వంకాయ యని మానితిని. తుదకు చారన్నమే మిగిలి, దేహము చిక్కినది గాని నొప్పి తగ్గలేదు. అంతట మా కోడలు వేయు ఇంగువ పోపు ఘాటే మూలమని నిశ్చయించి, ఒకనాడు ఇంటిల్లిపాది యెదుట ఆమెను కఠినముగా మందలించితిని. ఆమె బదులు పలుకక, నాటినుండి పోపును పెరటిపొయ్యిమీద వేయజొచ్చెను. అయినను నొప్పి వచ్చుచునే యుండెను.

పట్టణమున నొక వైద్యుడు నా కథ విని, ఒక నోటుపుస్తకము పెట్టుమనెను. నిద్రించిన వేళ, లేచిన వేళ, భోజనవేళలు, కాఫీ, ఎండ, మనోవ్యథ, వేసికొన్న మాత్రలు, నొప్పి మొదలైన గడియ, ఇవి యన్నియు దినదినము వ్రాయవలెను. "నొప్పి లేని దినములను గూడ విడువక వ్రాయుడు" అనెను. ఆ మాట వినగానే నాకు సిగ్గు కలిగినది. నేను చదువుకొన్న తర్కశాస్త్రము చెప్పునది అదియే గదా! కారణమున్నచో కార్యముండుట అన్వయము. కారణము లేనిచో కార్యము లేకుండుట వ్యతిరేకము. రెండును చూడనిదే కారణము నిర్ణయింపరాదు. నేను నొప్పి దినములనే లెక్కించి, కాకి వ్రాలుటచే తాటిపండు రాలినదని నమ్మితిని.

మూడు నెలలు వ్రాసితిని. ఇంట పోపు వేయని దినము లేదు. నొప్పి వచ్చినది మాత్రము 11 మారులే. అందు 8 మారులు, ముందటి రాత్రి నిద్ర తప్పి, మరునాటి భోజనము కూడ ఆలస్యమైనది. ఏకాదశి యుపవాసము మాత్రమే యున్ననాడు నొప్పి రాలేదు. జాగరణము మాత్రమే యున్ననాడును రాలేదు. రెండును కూడిననాడు వచ్చినది. గడ్డిపోచ యొక్కటి యేనుగును కట్టదు, పేనిన త్రాడు కట్టును. తక్కిన మూడింటికి కారణము నేటికిని దొరకలేదు. ఈ వ్యాధి తరచుగా వంశమున వచ్చునది. ప్రేరకములు నిప్పురవ్వలే గాని మందుగుండు లోననే యుండును.

మరి పోపు మాట? నొప్పికి కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు రెండు దినములు ముందుగనే ఆవులింతలు, మెడ బిగియుట, తీపిపై కోరిక, వాసనలు గిట్టమి పొడసూపును. కొందరికి ఘాటువాసన నిజముగానే ప్రేరకము. నా విషయమున మాత్రము, వచ్చుచున్న నొప్పియే ఆ వాసనను సహింపనీయలేదు.

గ్రామపెద్దలకు మూడు మాటలు. ఈ నొప్పి పురుషులకంటె స్త్రీలకు సుమారు మూడింతలు హెచ్చు. నెలసరి వేళ పలువురికి వచ్చును. దానిని పని తప్పించుకొను నెపమనరాదు. సామాన్యమైన నొప్పిమాత్రలనైనను నెలకు 15 దినములు, అంతకు మించియు, మూడు నెలలకు పైగా వాడినచో ఆ మాత్రలే తలనొప్పిని పెంచవచ్చును. ఇక 50 ఏండ్లు దాటినపిమ్మట క్రొత్తగా మొదలైన తలనొప్పి, పిడుగువలె నొక్కసారిగా వచ్చినది, జ్వరముతో మెడ బిగిసినది, కాలుసేతులు పడిపోవుటతోనో మాట తడబడుటతోనో కూడినది, ఇట్టివానికి నోటుపుస్తకము పనికిరాదు. వెంటనే వైద్యుని చేరవలెను.

మూడవనెల ముగిసిననాడు కోడలిని పిలిచి, అందరి యెదుటనే, "అమ్మా, నేరము నీ పోపుది కాదు, నాది" అని చెప్పి పుస్తకము చూపితిని. ఆమె నవ్వి, మూకుడు వంటయింటిలోనికి తెచ్చుకొన్నది. నేనిప్పుడు వేళకు తిని వేళకు నిద్రించుచున్నాను. నొప్పి పూర్తిగా పోలేదు. నెలకు నాలుగు మారులు వచ్చునది ఒక మారు వచ్చుచున్నది.