వడపోతలో జారిపోయే రెండు శాతం

నందికొట్కూరు మెడికల్ షాపులో తుమ్ములకు సెట్రిజిన్ అడిగితే 10 మిల్లీగ్రాముల బిళ్ల ఇస్తారు. లెవోసెట్రిజిన్ అయితే 5 చాలు. మొదటి బిళ్లలో ఒకే అణువు కుడి, ఎడమ రూపాలు సగం సగం ఉంటాయి. మందుగా పనిచేసేది ముఖ్యంగా ఒక రూపమే. రెండో బిళ్లలో ఉండేది అదొక్కటే.

కోరిన రూపాన్నే ఎక్కువగా తయారుచేసే ఉత్ప్రేరకాలపై పనికి 2001లో రసాయన నోబెల్ దక్కింది. గ్రహీతల్లో ఒకరైన షార్ప్‌లెస్, జంట బంధానికి రెండు హైడ్రాక్సిల్ సమూహాలను చేర్చే చర్యలో వాడిన లోహం ఆస్మియం. చాలా అరుదైనది, ఖరీదైనది. దాని టెట్రాక్సైడ్ ఆవిరి కళ్లు పోగొట్టగలదు. పైగా ద్రావణంలో కలిశాక దాన్ని వెనక్కి తీయడం కష్టం.

2001–02లో హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం బృందం ఆస్మియాన్ని అయాన్ మార్పిడి పద్ధతిలో ఘనపదార్థానికి పట్టించింది. పొరలు పొరలుగా ఉండే హైడ్రాక్సైడ్‌పై మొదట బాగానే నిలిచింది. కానీ ఆక్సీకరణానికి ఫెర్రిసయనైడ్ వాడితే, దాని రుణ అయాన్లు ఆస్మియాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటాయి. ఆ చిక్కు రెసిన్‌తో తీరింది. చర్య ముగిశాక వడగడితే చాలు, ఉత్ప్రేరకం మళ్లీ వాడకానికి సిద్ధం. లోహానికి అంటుకుని కుడి ఎడమలను నిర్ణయించే సింకోనా లైగాండ్ కూడా ఖరీదైనదే. మామూలు పద్ధతిలో అది ఆస్మియం కంటే ఎక్కువ పోయాలి, ఇక్కడ సమాన మోల్‌లు సరిపోయాయి. నా దృష్టిలో ఆ పరిశోధనలో అసలు గెలుపు ఈ లైగాండ్ పొదుపే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఈ చర్యకు ముడిపదార్థంగా ఒక మోల్ స్టిల్‌బీన్ తీసుకుంటే 180 గ్రాములు. దానికి 1 మోల్ శాతం ఉత్ప్రేరకమంటే 1.9 గ్రాముల ఆస్మియం. ప్రతి వాడకంలో 2 శాతం జారిపోతుందనుకుందాం. పదిసార్లయ్యాక 82 శాతం మిగులుతుంది, ఫర్వాలేదనిపిస్తుంది. కానీ మొదటిసారే జారిన 38 మిల్లీగ్రాములు ఆ స్టిల్‌బీన్ మొత్తం మారితే వచ్చే 214 గ్రాముల సరుకులో చేరితే, గ్రాముకు సుమారు 178 మైక్రోగ్రాములు. నోటి ద్వారా తీసుకునే మందుల్లో ఆస్మియానికి అంతర్జాతీయ పరిమితి రోజుకు 100 మైక్రోగ్రాములు. అలాంటి మందు రోజుకు గ్రాము వేసుకునే రోగి శరీరంలోకి పరిమితి దాటిన లోహం వెళ్తుంది.

కెమిస్ట్రీ చదివే పిల్లలకు ఒక మాట. "ఉత్ప్రేరకాన్ని అయిదుసార్లు వాడాం" అని ఎవరు రాసినా, వడగట్టిన ద్రవంలో లోహమెంతో అడగండి.