తెరపట్టు: ఉచితమా, స్వేచ్ఛయా?

బిడ్డల పాఠములు, పొలము అడంగలు, కరెంటు బిల్లు రసీదు అన్నియు నేడు తెరమీద వచ్చి తెరమీదనే మాయమగుచున్నవి. పోవుదానిని పట్టి నిలుపు ఉపాయమే తెరపట్టు. వాడుకలో దీనిని స్క్రీన్‌షాట్ అందురు. తెరమీది కదలికను మాటతో సహా పట్టినచో నది స్క్రీన్ రికార్డింగు.

ఇది వట్టి వినోదము కాదు. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు ఉపాధ్యాయినులెందరో యింటినుండియే పాఠములు చెప్పిరి. బెజవాడలో లెక్కలు నేర్పు తల్లికిని, పెడన కలంకారీ వస్త్రములను దూరదేశములవారికి చూపు గృహిణికిని నేడును దీని యవసరము కలదు. అట్టివారికి మొదట వినబడునవి స్నాగిట్, కామ్టేషియా వంటి వెలగల సాధనముల పేర్లే. అవి చెడ్డవని మేమనము. పట్టుట, కత్తిరించుట, అక్షరములు చేర్చుట వానిలో సులభము. అయినను రాబడి యింకను కంటబడకముందే పొదుపు సొమ్ము తీసి వెల చెల్లింపవలెనా యన్నదే మా ప్రశ్న.

పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదన్న సామెత యిచ్చట చక్కగా సరిపోవును. విండోస్ కంప్యూటరులో విండోస్, షిఫ్ట్, ఎస్ అను మూడు మీటలను ఒక్కసారి నొక్కినచో తెరలో వలసిన భాగము చిక్కును. మాక్ కంప్యూటరులో షిఫ్ట్, కమాండ్, 5 నొక్కవలెను. ఇటీవలి ఫోనులు అనేకములలో తెర కదలికను పట్టు సదుపాయము ముందుగనే యుండును. చిన్న పనులకు వేరు సాధనము వెదుకనక్కరలేదు.

అంతకు మించిన పనికి ఓబీఎస్ స్టూడియో కలదు. హ్యూ బెయిలీ అను నతడు 2012లో దీని నారంభించెను. తెరను, ముఖమును, కంఠమును ఏకకాలమున పట్టగలదు. కాలపరిమితి లేదు, చిత్రముపై ముద్ర పడదు. పట్టినదానిని ఎమ్.కె.వి. రూపమున దాచినచో, నడుమ కరెంటు పోయినను అంతవరకు పట్టినది చెడదు. మన డెల్టా పల్లెలలో నిది చిన్న మేలు కాదు. మొదటి దినమున దీని యేర్పాట్లు కొంత తికమక పెట్టునన్నది నిజమే. కత్తిరించుటకు కేడెన్‌లైవ్ వంటి మరియొక సాధనము కావలెను. అదియు ఉచితమే. బొమ్మలు మాత్రమే కావలసినవారికి విండోస్‌లో షేర్ఎక్స్ చాలును.

ఇచ్చట నొక భేదము గమనింపవలెను. ఇంగ్లీషున ఫ్రీ అను నొక్క మాటయే రెండర్థముల నిచ్చును. మన భాషలో ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. వెల లేకున్నను ప్రకటనలతో విసిగించి, పది నిమిషములకు ఆగిపోవు సాధనము ఉచితమే గాని స్వేచ్ఛ నీయదు. ఓబీఎస్ వంటి వాని లోపలి రచనను ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. 1983లో రిచర్డ్ స్టాల్మన్ చాటిన భావమిదియే. తెలుగునాట 2005లో నేర్పడిన సంస్థ స్వేచ్ఛ యను పేరునే ధరించినది. పొదుపు సంఘములోని పదిమంది స్త్రీలు పది కంప్యూటరులలో దీనిని నిలుపుకొన్నను, అదనముగా నొక్క రూపాయి చెల్లింపనక్కరలేదు.

అయిన జాగ్రత్త విడువరాదు. ప్రకటనలలో కనబడు నకిలీ ఓబీఎస్ నమ్మక, ఆ సాధనము యొక్క అసలు చోటినుండియే దింపుకొనుడు. తెర యంతయు గాక, కావలసిన కిటికీని మాత్రమే పట్టుడు. బ్యాంకు సంఖ్యలు, ఓటీపీలు, బిడ్డల ముఖములు అందు పడనీయకుడు. తెరను పట్టుట వేరు, పరులకు చూపుట వేరు. బ్యాంకువారమనియో పోలీసులమనియో ఫోను చేసి, తెర చూపుడని యడుగువారిని నమ్మరాదు. మోసపోయినచో వెంటనే 1930 సంఖ్యకు తెలుపుడు. ఆ సంభాషణల తెరపట్టులు ఫిర్యాదునకు తోడ్పడును.

నేర్చుకొనుటకును వ్యయము లేదు. బొంబాయి ఐఐటీవారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు తెలుగునను కలవు. స్వేచ్ఛాసాధనముల నుపయోగించుటను తెరపట్టు చిత్రముల మూలముననే అవి బోధించును. మొదట ఇంటనున్న సాధనముతో ఐదు నిమిషముల పాఠమొకటి సిద్ధము చేసి, ఇరుగుపొరుగువారికి చూపుడు. దానితో తీరని పని యేదియో తేలిన పిమ్మటనే వెలగలదానిని గూర్చి యోచింపవచ్చును.