ఎనిమిదిలో ఎంచుకున్నదే పదిలో రాయాలి

ఏడో తరగతి పూర్తవుతుందనగా పావగడ, బాగేపల్లి, ముళబాగిలు, బళ్లారి వైపు తెలుగు ఇళ్లలో ఒకటే చర్చ. ‘హైస్కూల్లో ఏ మీడియంలో వేద్దాం?’ అని. తల్లిదండ్రులు బడికి వచ్చి అడిగేదీ ఇదే. మంచి ప్రశ్నే, కానీ సగం ప్రశ్న. మిగతా సగం ఎవరూ అడగరు: ‘ప్రథమ భాషగా ఏది తీసుకోవాలి?’

మాధ్యమం వేరు, ప్రథమ భాష వేరు. లెక్కలు, సైన్సు, సాంఘికం ఏ భాషలో చదువుతామో అది మాధ్యమం. మూడు భాషా సబ్జెక్టుల్లో మొదటి స్థానంలో ఉండేది ప్రథమ భాష. కర్ణాటక ఎస్‌ఎస్‌ఎల్‌సీలో ప్రథమ భాషగా కన్నడం, తెలుగు, హిందీ, మరాఠీ, తమిళం, ఉర్దూ, ఇంగ్లిష్, సంస్కృతం ఉన్నాయి. అంటే ఇంగ్లిష్ మీడియంలో చేరినంత మాత్రాన తెలుగు వదిలేయనక్కర్లేదు. ఆ బడిలో తెలుగు చెప్పే టీచర్ ఉన్నారో లేదో ముందు కనుక్కోండి.

మార్కుల లెక్క

ఎస్‌ఎస్‌ఎల్‌సీ మొత్తం 625 మార్కులుగా చాలా ఏళ్లుగా నడుస్తోంది. ప్రథమ భాషకు 125. అందులో రాత పరీక్షకు 100, అంతర్గత మూల్యాంకనానికి 25. మిగతా అయిదు సబ్జెక్టులకూ తలా 100. వాటిలో రాతకు 80, అంతర్గతానికి 20. సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి 600 మార్కులు, ఆరు సబ్జెక్టులకూ సమానంగా 100. ఒక్కసారి భాగించి చూడండి. హిందూపురం పిల్లవాడి మొత్తంలో తెలుగుది ఆరో వంతు. తెలుగు ప్రథమ భాషగా చదివే పావగడ పిల్లవాడికి అది అయిదో వంతు. ఇంట్లో మాట్లాడే భాషకు ఇక్కడే బరువు ఎక్కువ. దాన్ని వదిలి, బిడ్డకు ఇంకా పట్టుబడని భాషను ఆ 125 మార్కుల స్థానంలో పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి.

అలాగని కన్నడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2015 నాటి కన్నడ భాషా బోధన చట్టం ప్రకారం కన్నడాన్ని ప్రథమ లేదా ద్వితీయ భాషగా దశలవారీగా అన్ని తరగతుల్లోనూ నేర్పాలి. ఈ రాష్ట్రంలో బతికే పిల్లలకు అది అవసరం కూడా.

మూడేళ్లు కలిపి ఒకే మెట్లు

ఎనిమిది, తొమ్మిది, పది వేర్వేరు తరగతులే అయినా పాఠ్యక్రమం ఒకే మెట్ల వరుస. లెక్కల్లో ఎనిమిదిలో ఒక చరరాశి రేఖీయ సమీకరణాలు, తొమ్మిదిలో రెండు చరరాశులవి, పదిలో సమీకరణాల జతలు, ఆపైన వర్గ సమీకరణాలు. తొమ్మిదిలో త్రిభుజాల సర్వసమానత్వం, పదిలో సరూపత. వృత్తంలో తొమ్మిదిలో జ్యాలు, పదిలో స్పర్శరేఖలు. కింది మెట్టు వదులుగా ఉంటే పై మెట్టు మీద కాలు నిలవదు. పదిలో ‘లెక్కలు రావడం లేదు’ అనే బిడ్డకు తరచుగా రానిది ఎనిమిదో తరగతి పాఠమే.

సైన్సులో ఇంకో చిక్కుంది. కాంతి ఎనిమిదిలో పరిచయమై, తొమ్మిదిలో కనబడక, మళ్లీ పదిలో పరావర్తనం, వక్రీభవనంతో పెద్దదై వస్తుంది. విద్యుత్తుదీ అదే దారి. నడుమ ఏడాది ఖాళీ. ఆ ఖాళీలో పాత నోట్సు చిత్తుకాగితాలవాళ్లకు వెళ్లిపోతే నష్టం మనదే. ఎనిమిది, తొమ్మిది నోట్సులు పది పరీక్ష అయ్యేదాకా దాచండి.

సాంఘికంలో మూడేళ్లూ అవే ఆరు భాగాలు: చరిత్ర, రాజనీతి శాస్త్రం, సమాజ శాస్త్రం, భూగోళం, అర్థశాస్త్రం, వ్యవహార అధ్యయనం. చరిత్ర మాత్రం కాలక్రమంలో సాగుతుంది. ఎనిమిదిలో ప్రాచీనం, తొమ్మిదిలో మధ్యయుగం, పదిలో ఆధునికం. శాతవాహనులు ఎనిమిదిలో వస్తారు, విజయనగరం తొమ్మిదిలో. రాయలవారు ‘ఆముక్తమాల్యద’ తెలుగులో రాశారని తెలుగు టీచర్, సాంఘికం టీచర్ ఒకే వారంలో చెబితే రెండు పాఠాలూ ఒకదానికొకటి ఊతం.

మాటల దగ్గర జాగ్రత్త

తెలుగు మీడియం నుంచి కన్నడ మీడియానికి మారే పిల్లలకు సగం పని సులువు. సమీకరణ, త్రిభుజ, వృత్త, బల, ఆమ్ల వంటి మాటలు రెండు భాషల్లోనూ ఉన్నాయి. తడబాటు ఒకేలా వినిపించే మాటలతో. తెలుగులో జీవుల దేహం ‘కణాల’తో కట్టింది. కన్నడంలో అది ‘జీవకోశ’. అక్కడ ‘కణ’ అంటే రేణువు. మన ‘క్షారం’ అక్కడ ‘ప్రత్యామ్ల’. మన ‘వడి’ అక్కడ ‘జవ’. మన ‘త్వరణం’ అక్కడ ‘వేగోత్కర్ష’. ‘వేగం’ మాత్రం రెండింటా ఒకటే. వేసవి సెలవుల్లో ఇలాంటి మాటలు ఒక చిన్న పుస్తకంలో పక్కపక్కన రాయిస్తే జూన్‌లో బిడ్డ బెదరదు.

ఏడాది లోపలి వరుస

ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు, రెండు ఎస్‌ఏలు. మొదటి రెండు ఎఫ్‌ఏలు, ఎస్‌ఏ-1 దసరా ప్రాంతానికి ముగుస్తాయి. పదిలో చివరి ఎస్‌ఏ స్థానంలో పబ్లిక్ పరీక్ష. అంతర్గత మార్కులు ఎఫ్‌ఏల నుంచే వస్తాయి కనుక ‘చిన్న పరీక్షే కదా’ అని పెళ్లిళ్లకూ జాతరలకూ బడి మాన్పించకండి. తెలుగు ప్రథమ భాష అయితే ఆ 25 మార్కులు ప్రాజెక్టులతో, చదవడం మాట్లాడడంతో ఏడాది పొడవునా సంపాదించుకునేవి.

ఇప్పుడు చేయాల్సినవి

ఎనిమిదిలో చేర్చేటప్పుడు దరఖాస్తులో మూడు భాషల వరుస ఎలా రాశారో స్వయంగా చదవండి. తర్వాత మార్చుకోవాలంటే బిడ్డ వెనక పాఠాలన్నీ మళ్లీ మొదలుపెట్టాలి. పై తరగతి పిల్లల దగ్గర తొమ్మిది, పది పుస్తకాలు అడిగి తెచ్చి, విషయసూచికలు పక్కపక్కన పెట్టి బిడ్డతో చూడండి. పీయూసీలోనూ తెలుగును ఒక భాషగా తీసుకునే వీలుంది కనుక దారి పదితో ఆగిపోదు.

ఒక మాట మిగిలింది. తెలుగు తీసుకునే పిల్లలు తగ్గితే తెలుగు టీచర్ పోస్టు నిలవదు. పోస్టు పోయిన బడిలో మరుసటి ఏడాది తెలుగు కావాలన్నా చెప్పేవారుండరు. మీ బిడ్డ దరఖాస్తులో ‘తెలుగు’ అని రాసిన ఆ ఒక్క మాట వెనక వచ్చే పిల్లలకు కూడా తలుపు తెరిచి ఉంచుతుంది.