తడి కుంచెలోంచి నడిచొచ్చిన సిద్ధుడు

తైపేలోని జాతీయ ప్యాలెస్ మ్యూజియంలో ఒక చిన్న బొమ్మ ఉంది. ఎత్తు 48.7 సెంటీమీటర్లు, వెడల్పు 27.7. అందులో ఒక ముసలి సిద్ధుడు. అంగీ జారి, బానపొట్ట బయటపడి, మైకంలో తూలుతూ వస్తున్నాడు. గీసినవాడు లియాంగ్ కాయ్, చైనాను దక్షిణ సాంగ్ వంశం ఏలిన రోజులవాడు.

ముందు మొహం చూడండి. సగం మొహం నుదురే. కళ్లూ ముక్కూ నోరూ దాని కింద ఇరుక్కుని ఉన్నాయి. కళ్లంటే రెండు సన్నని గీతలంతే. అయినా లోలోపల నవ్వుకుంటున్నాడని తెలిసిపోతుంది. తలకూ ఛాతీకీ లేత సిరా వాడాడు. అంగీ దగ్గరికొచ్చేసరికి వెడల్పాటి కుంచెను తడితడిగా ముంచి కిందికి లాగేశాడు. మడతలు విడిగా గీయలేదు. నడుము దగ్గర మాత్రం చిక్కటి నలుపు పెట్టాడు. ఆ నలుపే మనిషిని నిలబెట్టింది.

ఈ సిరా మసిలో జిగురు కలిపి ఆరబెట్టిన కడ్డీ. మనం గంధం తీసినట్టే దాన్ని రాతిపలక మీద నీళ్లతో అరగదీయాలి. నీళ్లు ఎక్కువైతే లేత బూడిదరంగు, తగ్గితే కాటుక నలుపు. కాగితం సిరాను చప్పున పీల్చేసుకుంటుంది కాబట్టి చెరపడం కుదరదు, దిద్దితే దిద్దినట్టే కనిపిస్తుంది. ఎంత తడి, ఎంత వేగం అన్నది కుంచె ఆనకముందే తేలిపోవాలి.

చెయ్యి తిరగనివాడు ఇలా గీయలేడు. టోక్యో జాతీయ మ్యూజియంలో లియాంగ్ కాయ్ పట్టు మీద వేసిన శాక్యముని ఉన్నాడు. తపస్సుకు చిక్కిపోయిన దేహం, గడ్డం, ఎర్రటి వస్త్రం, అంతా ఓపికగా చేసిన పని. 1201-1204 మధ్య లియాంగ్ కాయ్‌కి ఆస్థాన చిత్రశాలలో పెద్ద హోదా దక్కింది, బంగారు పటకా బహూకరించారు. దాన్ని అక్కడే తగిలించి వెళ్లిపోయాడని చైనా చిత్రకారుల చరిత్రలు చెబుతాయి. జనం 'పిచ్చి లియాంగ్' అన్నారు. అన్నీ నేర్చినవాడే ఇన్ని వదిలేయగలడని ఈ బొమ్మ చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

18వ శతాబ్దంలో చియాన్‌లాంగ్ చక్రవర్తి సిద్ధుడి తలపైనున్న ఖాళీలో ఒక పద్యం రాశాడు. రాయకుండా ఉండాల్సింది. అచ్చు ప్రతి దొరికితే ఆ అక్షరాలను తెల్లకాగితంతో కప్పి చూడండి. పైన చోటు తెరుచుకోగానే ఆ వంగిన భుజాల బరువు, తూలే అడుగు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి.