వెండి తీగపని: దర్బారు మర్యాదలు, పాత్రలు

కొండగట్టు ఆంజనేయస్వామి దర్శనానికి కరీంనగర్ మీదుగా వెళ్లేవారు మీలో చాలామంది ఉంటారు. ఆ కరీంనగర్ వెండి తీగపనికి, అంటే ఫిలిగ్రీకి, ప్రసిద్ధి. ఈ భాగంలో కరీంనగర్ వెండి పాత్రలను రష్యా రాజాస్థానంలోని వెండి పానపాత్రలతో పోల్చి చూద్దాం. పాత్రకు రూపం ఎలా వస్తుందో, దాన్ని వాడే మర్యాద పోయినప్పుడు చేతిపని ఏమవుతుందో ఈ పోలిక వల్ల మీకు అర్థమవుతుంది.

రష్యా పానపాత్రలు

రష్యాలో మూడు రకాల పానపాత్రలు ముఖ్యమైనవి. 'బ్రాతినా' గుండ్రని చెంబు వంటిది. విందులో ఒకరి చేతినుంచి మరొకరి చేతికి అందేది. 'చార్కా' ఘాటైన మద్యానికి వాడే చిన్న గిన్నె. 'కోవ్ష్' పడవ ఆకారంలో, ఒక పిడితో ఉండే పాత్ర. మొదట కోవ్ష్‌ను కొయ్యతో చేసి, తేనెతో తయారైన పానీయం తాగేవారు. తరువాత జార్ చక్రవర్తులు వెండి, బంగారు కోవ్ష్‌లను సేవలకు బహుమానంగా ఇచ్చారు. 18వ శతాబ్దంలో కొసాక్కు దళనాయకులకు ఇచ్చిన కోవ్ష్‌లపై రెండు తలల గద్ద రాజచిహ్నం, గ్రహీత పేరు కనిపిస్తాయి. అప్పటికి అది తాగే పాత్ర కాదు, గౌరవ చిహ్నం.

కరీంనగర్ పాత్రలు

మన ప్రాంతంలో ఈ పని మొదట ఎలగందులలో సాగింది. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారాక ఇక్కడ స్థిరపడింది. హైదరాబాదు దర్బారులో అతిథికి అత్తరు పూసి, పాన్ ఇచ్చి సాగనంపడం మర్యాద. అందుకే అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్లేలు ఇక్కడి ముఖ్య వస్తువులయ్యాయి.

పని విధానం

వెండిని కరిగించి, కడ్డీగా పోసి, రంధ్రాలున్న ఉక్కు పలకగుండా లాగి సన్నని తీగ తీస్తారు. స్వచ్ఛమైన వెండి మెత్తగా ఉంటుంది కాబట్టే ఇంత సన్నగా సాగుతుంది. రెండు తీగలను పురి పెట్టి, చదును చేస్తారు. మందపాటి తీగతో చట్రం కట్టి, అందులో ఈ తీగను ఆకులు, పూలు, చుట్టలుగా నింపుతారు. వెలిగారం కలిపిన టంకం పొడి చల్లి, మంటతో అతుకుతారు. మంట కొంచెం ఎక్కువైతే తీగ కరిగి, అంతవరకు చేసిన శ్రమ వృథా అవుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. తీగల మధ్య ఖాళీలుంటాయి కాబట్టి ఈ అల్లికలో నీరు నిలవదు. అందువల్ల పొడి వస్తువులకో, లోపల సీసా పెట్టడానికో ఇది అనువైనది. రష్యాలో కూడా 'స్కాన్' అనే తీగపని ఉంది. అక్కడ పానీయం నిలవాలి కాబట్టి గట్టి వెండి పాత్రపైనే తీగను అతికి, మధ్య ఖాళీలను రంగుల ఎనామెల్‌తో నింపేవారు. పని ఒకటే అయినా, అవసరాన్ని బట్టి పద్ధతి మారింది.

దర్బారు తరువాత

రష్యాలో 19వ శతాబ్దంలో ఫాబెర్జే వంటి సంస్థలు కోవ్ష్‌ను అలంకార వస్తువుగా తయారు చేశాయి. 1917 విప్లవంతో జార్ ఆస్థానమే లేకుండాపోయింది. ఇక్కడ 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. అత్తరు, పాన్ మర్యాద తగ్గాక మన కళాకారులు నగలు, పెట్టెలు, జ్ఞాపికలు చేయసాగారు. కరీంనగర్ ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. పని నేర్చుకునే కుర్రవాడికి కూలి గిట్టుబాటు కావడం మాత్రం కొనేవారిపై ఆధారపడి ఉంటుంది. ఒకప్పుడు కొనుగోలుదారు దర్బారు. ఇప్పుడు ఆ స్థానంలో ఉన్నది మనమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కోవ్ష్ పానపాత్ర నుంచి గౌరవ చిహ్నంగా ఎలా మారింది?
2. తీగ అల్లిక పాత్ర పానీయానికి ఎందుకు పనికిరాదు? రష్యా పనివారు ఈ ఇబ్బందిని ఎలా తప్పించుకున్నారు?
3. మీ ఇంట్లో వాడకం తగ్గిన ఒక లోహపాత్రను ఎంచుకొని, అది ఏ మర్యాదకు ఉపయోగపడేదో పెద్దలను అడిగి రాయండి.